అరవం రాని వదినగా హైదరాబాదులో అయిదు రోజులు

హైదరాబాదు వెళ్లొచ్చానంటే మా చిత్తూరులో అందరూ అడిగే మొదటి మాట, చార్మినారు చూశావా అని. చూడలేదు. సాలార్జంగు మ్యూజియమూ చూడలేదు. హుస్సేన్‌సాగరులో బుద్ధుడు మాత్రం, సిటీబస్సులో నిలబడి పోతుంటే, పక్కాయన చంకలోంచి ఒక్క క్షణం కనబడ్డాడు. మరి అయిదు రోజులు ఏం చేశావమ్మా అంటే, అరవం రానట్టు నటించాను. నా యాభై రెండేళ్లలో అంతకంటే కష్టమైన పని చేయలేదు.

మా ఊరికి అరవదేశం గోడ పక్కనే. కూరగాయల బేరం తెలుగులో మొదలై అరవంలో ముగుస్తుంది. నేను ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతాను. వాళ్లలో సగం మంది ఇళ్లలో అరవమే. తిరుపతిలో ఒక శిక్షణ శిబిరంలో పరిచయమైన లాయరు సుగుణగారు ఒకరోజు పక్కింటివాళ్ల ఫోనుకు చేశారు. ఆమెది బందరు. హైదరాబాదులో, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల తరఫున తిరుగుతుంటారు.

"మీకు అరవం వచ్చు కదండీ?"

"బ్రహ్మాండంగా వచ్చు" అన్నాను.

"అయితే ఒక వారం వచ్చి, రానట్టు ఉండగలరాండీ?"

ఆ ప్రశ్నకు టికెట్టు కొనకుండా ఎవరుండగలరు?

రైల్లోనే నిజాంపేట

నా ఎదుటి సీటులో కడప మనిషి ఒకాయన. రైలు కదిలీ కదలకముందే చంకలోని కాగితపు చుట్ట విప్పి నా పెరుగన్నం మీదుగా పరిచాడు.

"ఇది నిజాంపేటక్కా. ఇప్పుడు రాళ్లూ మేకలే ఉండాయి. ఇంగ పదేండ్లు ఆగు, ఈడ మనిషి నిలబడేదానికి చోటుండదు."

"మనిషి నిలబడేదానికి చోటు లేని ఊళ్లో నాకెందుకు నాయనా స్థలం?"

ఆయన పటం వంక చూసుకున్నాడు. "నిజమేలే. అమ్మేటప్పుడు ఆ మాట అనకూడదు" అని తనకు తానే చెప్పుకున్నాడు. పటంలో పార్కు, బడి, గుడి పచ్చగా గీసి ఉన్నాయి. ఇవన్నీ కట్టారా అని అడిగితే, గీసినాయన చేయి మంచిదని చెప్పాడు. నువ్వెందుకు పోతున్నావని నన్నడిగాడు. నోరు మూసుకుని కూర్చోడానికి అన్నాను. దానికోసం అంత దూరం పోవాల్నా అన్నాడు.

కొండాపూరు, పిండిమర మీది గది

హైదరాబాదు అని రైలు దిగితే, నన్ను తీసుకెళ్లిన చోట హైదరాబాదు ఇంకా మొదలే కాలేదు. బండ మీద బండ, వాటి మధ్య బోరు లారీలు, లారీల మధ్య గేదెలు. ఇడ్లీ ప్లేటు ఎనిమిది రూపాయలు. మా ఊళ్లో నాలుగే, పైగా రెండోసారి చట్నీ అడిగితే మొహం చిట్లించరు. టీ మాత్రం ఒప్పుకోవాలి. గట్టి పాలతో, ఒక కప్పు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసెత్తనివ్వదు.

సుగుణగారి ఆఫీసు ఒక పిండిమర మీద ఒంటి గది. రెండు కుర్చీలు, ఒక బెంచీ, ఒక తెర. మర ఆడుతున్నంతసేపూ నేల వణుకుతుంది. సుగుణగారు అసలు మాటలన్నీ అప్పుడే మాట్లాడతారు. గది దాటి ఒక్క అక్షరం బయటికి పోదు. మర ఆగగానే వాతావరణం గురించి మాట్లాడతారు. మొదట నాకిది అర్థంకాక, మర ఆగిన నిశ్శబ్దంలో "ఎవరు కొట్టింది?" అని పెద్దగా అడిగాను. కింద జొన్నలు పట్టించుకుంటున్నవాళ్లంతా తలెత్తి చూశారు.

అక్కడికి నర్సమ్మ వచ్చింది. పాలమూరు మనిషి. మాదాపూరులో లేస్తున్న మేడల దగ్గర ఆడకూలీలకు మేస్త్రీ. ఈ సంగతి పట్టుకొచ్చింది ఆమే.

"గా పిల్ల పేరు తవమణి. శ్రీలంకల లడాయికి పారిపోయొచ్చినోళ్లు. మొగడు రంగులేస్తడు, యోగరాసా అని. దాని మాట మనకు రాదు, మన మాట దానికి రాదు. కండ్ల కింద నల్లగయితది. ఏందే అంటే వాడు ముంగటికొచ్చి, పడ్డది అంటడు. ఎన్నిసార్లు పడ్తదక్కా ఒక మనిషి? గిప్పుడు చెయ్యి ఇరిగింది. దవాఖానకు నేనే తీస్కపోయిన. డాక్టరమ్మ అడుగుతది, పిల్ల శానా చెప్తది, వాడు ఒక్క ముక్కల తెలుగు చేస్తడు. మిగిలిన మాటలేడ వోయినయి?"

"ఆ మిగిలిన మాటల కోసమేనండి మిమ్మల్ని పిలిచింది" అన్నారు సుగుణగారు నాతో.

ఆ పిల్లను ఎలా తప్పించాలో నేను వింటుండగానే మూడు రకాలుగా ఆలోచించి పెట్టుకున్నాను. చెప్పబోతే సుగుణగారు చెయ్యి అడ్డం పెట్టారు. "మనం ఆమెను తీసుకురావడానికి వెళ్లడం లేదండి. ఆమెకేం కావాలో వినడానికి వెళ్తున్నాం." నాకు కొంచెం నిరుత్సాహంగానే అనిపించింది.

అలా నేను కర్నూలు నుంచి వచ్చిన, అరవం ముక్క రాని, నర్సమ్మ వదిననయ్యాను.

దవాఖాన

మరునాడు పొద్దున కట్టు చూపించుకునే రోజు. యోగరాసా ఎలా ఉంటాడో అని భయపడుతూ వెళ్తే, శుభ్రంగా దువ్వుకున్న తల, మెత్తటి మాట. భార్యకు నీళ్ల సీసా మూత తీసి ఇస్తున్నాడు. వరసలో ఉన్న ఆడవాళ్లు, మొగుడంటే అట్లుండాలని తమ మొగుళ్ల వంక చూశారు. తవమణికి పాతికేళ్లుంటాయి. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పెళ్లాంతో అరవంలో తాపీగా అన్నాడు: "ఇదెవరు? నీళ్ల ట్యాంకుకు చీర కట్టి తీసుకొచ్చారు."

నేను సీలింగు ఫ్యాను వంక చూశాను. నా ముక్కుపుటాలు నా మాట వినలేదు. నర్సమ్మ తొడ గిల్లి, "ఏమయింది వదినా?" అంది. "గ్యాసు" అన్నాను.

లోపల డాక్టరమ్మ కట్టు నొక్కి చూసి, అసలెలా పడిందో మళ్లీ చెప్పమంది. తవమణి డాక్టరమ్మ కళ్లలోకి సూటిగా చూస్తూ, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు అరవంలో చెప్పింది.

"నేను పడలేదమ్మా. అన్నం మాడిందని ఇతనే మెలిపెట్టి విరిచాడు. పోయినసారి కూడా చెప్పాను. మీకు అర్థం కాదని తెలుసు. అయినా చెబుతున్నాను."

యోగరాసా చిరునవ్వుతో మొత్తం విన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "మెట్లు మేడం. జారింది. నొప్పి లేదు చెప్తుంది. మీకు థాంక్స్ చెప్తుంది" అన్నాడు. డాక్టరమ్మ మెట్లు అని రాసుకుంది.

నా పెదవులు రెండూ పళ్ల కింద పెట్టుకుని కూర్చున్నాను. బయటికి రాగానే నర్సమ్మ మందుల చీటీ ఆయన చేతిలో పెట్టి మగవాళ్ల వరసలోకి తోసింది. మాకు రెండు నిమిషాలు దొరికాయి. గోడ మీది పోలియో చుక్కల బొమ్మ వంక చూస్తూ అరవంలో అన్నాను:

"నేను విన్నాను తల్లీ."

ఆమె తల తిప్పలేదు. "మొత్తమా?" అంది.

"మొత్తం."

"ట్యాంకు కూడానా?"

"ట్యాంకు కూడా."

ఆమె ముఖం కొంగులో దాచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు చూస్తే నవ్వుతోంది. నవ్వు సర్దుకుని, "కదైక్క వేణుం" అంది. మా అరవంలో కదై అంటే కథ. ఈ హడావుడిలో కథలేమిటని, "కథ తర్వాత చెబుదువులే, ముందు నీ సంగతి చెప్పు" అన్నాను. ఆమె వింతగా చూసింది. లంకవాళ్ల అరవంలో కదైక్కడమంటే మాట్లాడటమట. మాట్లాడాలి అన్న మనిషిని ఆపి, మాట్లాడమన్నానన్నమాట. ఈలోగా రెండు నిమిషాలూ అయిపోయాయి.

వెళ్తూ వెళ్తూ నర్సమ్మ యోగరాసాతో, "ఆదివారం మా ఇంట్ల దావతుంది, నీ పెండ్లాన్ని పంపు. నీకు మటన్ పంపిస్త" అంది. మొదటి మాటకు తల అడ్డంగా ఊపాడు, రెండో మాటకు నిలువుగా ఊపాడు.

గోపన్‌పల్లి, ఆదివారం

నర్సమ్మ ఇల్లు గోపన్‌పల్లిలో. జొన్నరొట్టె, మటన్. మా రాగిసంకటిలా రొట్టె గొంతులోకి జారదు, నమిలి సంపాదించుకోవాలి. తవమణి పాలు లేని టీ అడిగి, బెల్లంముక్క కొరుక్కుంటూ తాగింది. నేనూ తాగాను. ఇంటికొచ్చాక కూడా అలాగే తాగుతున్నాను. మావాళ్లు పాలు అయిపోయాయా అని అడుగుతున్నారు.

సుగుణగారు వచ్చి చాప మీద కూర్చున్నాక, అసలు పని మొదలైంది. తవమణి అరవంలో చెబుతుంది, నేను తెలుగులో చెప్పాలి. "ఎంత చెబితే అంతేనండి. కలపొద్దు, తగ్గించొద్దు" అని సుగుణగారి షరతు. రెండో నిమిషంలోనే దొరికిపోయాను.

"ఆ చచ్చినోడు బెల్టుతో కొట్టాడంట" అన్నాను.

"చచ్చినోడు అన్నది ఆమా, మీరా?"

"నేనే."

తవమణిది లంకలో మన్నారు అనే ఊరు. ఊరు తగలబడ్డాక అక్కతో పడవలో ఇవతలికి వచ్చింది. కాందిశీకుల క్యాంపులో పెళ్లయింది. అప్పటినుంచి ఆమె పేరు అతని పేర ఉన్న కాందిశీకుల కుటుంబ కార్డులో ఒక వరస. ఆ కార్డు అతని చొక్కాజేబులో ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. క్యాంపులో అనుమతి తీసుకోకుండా ఆమెను ఇక్కడికి తెచ్చాడు. నోరెత్తితే జేబు తట్టి చూపిస్తాడు. ఇది లేకపోతే నువ్వు ఈ దేశంలో మనిషివే కాదు, పోలీసులు పట్టి మళ్లీ పడవెక్కిస్తారు అంటాడు. అక్క మద్రాసు దగ్గర ఇంకో క్యాంపులో ఉంది.

సుగుణగారు తొందరపడకుండా చెప్పారు. "పడవెక్కించే అధికారం అతనికి లేదండి. క్యాంపు రిజిస్టరులో ఆమె పేరుంది. కార్డు నకలు ఉంటే వేరే కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. సులువని నేను అనను. కసురుకుంటారు, తిప్పుతారు. పోలీసు కేసు పెడతానంటే ఇప్పుడే రాస్తాను."

తవమణి కేసు వద్దంది. అక్క దగ్గరికి వెళ్లాలంది. "ఇంకొకటి" అని ఆగింది. "మన్నారు నుంచి చీకట్లో దాక్కుని వచ్చాను. క్యాంపు నుంచీ చీకట్లోనే దాచి తెచ్చాడు. ఈసారి దాక్కోను. పట్టపగలు, ముందు గేటులోంచి, అతను చూస్తుండగా పోతాను."

ఈ మాట నేను ఏమీ కలపకుండా చెప్పాను. కలపడానికేమీ లేదు.

సుగుణగారి ముఖం మారింది. "విడిచి వెళ్లే రోజే అన్నిటికంటే ప్రమాదమండి. చూస్తే చూడనిద్దాం. అతని చెయ్యి మాత్రం అందకూడదు."

"అందకుండ నేను జూస్త. ఫికర్ చెయ్యకున్రి" అంది నర్సమ్మ, రొట్టె తుంచుకుంటూ.

ఆ సాయంత్రం నాకొక సంగతి గుర్తొచ్చింది. పాత ఇంట్లో ఉన్నప్పుడు గోడవతల ఒకామె ఏడుపు వినబడేది. నేను రేడియో శబ్దం పెంచేదాన్ని. ఆమె తెలుగే మాట్లాడేది. నాకు బాగా అర్థమయ్యేది.

అద్దాల మేడ

ఇక కార్డు. వాళ్లు కడుతున్న మేడ చూడటానికి పెద్దవాళ్లెవరో వస్తారని, పనివాళ్లందరి కార్డులూ తీసుకుని గేటు పాసులు రాయిస్తున్నారు. అది నిజమే. రంగులవాళ్ల వంతు బుధవారమైతే, నర్సమ్మ దాన్ని సోమవారం చేసింది. అదొక్కటే అబద్ధం. సుగుణగారు ముందే చెప్పారు: "నకలు తీసి అసలుది గంటలో అతనికి ఇచ్చేయాలి. మిగతాదేదీ నేను వినలేదండి."

యోగరాసా ఇష్టం లేకుండానే కార్డు ఇచ్చాడు. నేను దాన్ని జాకెట్టులో దోపుకుని జిరాక్సు షాపుకు పరుగెత్తాను. అక్కడ కరెంటు లేదు. షాపాయన అట్టముక్కతో విసురుకుంటూ, "మాదాపూరంత పోయిందమ్మా, మూడింటికొస్తది" అన్నాడు. గంటలో సగం అప్పుడే అయిపోయింది.

జనరేటరు ఉన్నది ఒక్క చోటే, ఆ పక్కనే పూర్తికావస్తున్న గుండ్రటి అద్దాల మేడలో. రెండు అంతస్తుల్లో కంపెనీలు అప్పటికే దిగాయి. అక్కడ ఊడ్చేది నర్సమ్మ మేనకోడలు. ఆమె వెనకాల, చేతిలో చీపురుతో, నేనూ లోపలికి పోయాను. జనవరిలో కూడా మా ఊళ్లో అంత చలి ఉండదు. వరండా చివర నకళ్ల మిషను కనబడింది. ఆత్రంగా నడిచాను. మధ్యలో తలుపుంది. అంత శుభ్రంగా తుడిచిన అద్దం నేను పుట్టి ఎరగను. ఠంగుమని నుదురు కొట్టుకుంది.

మిషను దగ్గరున్న అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కర్నూలు పిల్లట, కంప్యూటరు ఉద్యోగం. "ఆంటీ, ఏమీ కాలేదు కదా? మేమంతా మొదటి వారం కొట్టుకున్నోళ్లమే" అంది. కార్డు చూసి, ఏమిటిదని అడిగింది. ఒక ఆడపిల్ల పేరు ఇందులో ఇరుక్కుపోయిందమ్మా, బయటికి తీయాలి అన్నాను. నా ముఖంలో ఏం చూసిందో, ఇంకేమీ అడగకుండా నాలుగు నకళ్లు తీసి ఇచ్చింది.

గేటు దగ్గర నర్సమ్మ కార్డు తిరిగి ఇస్తుంటే యోగరాసా నా నుదుటి బొప్పి చూసి అరవంలో గొణుక్కున్నాడు: "ట్యాంకుకు సొట్ట పడింది." నేను కర్నూలు మనిషిలా నిలబడ్డాను.

సాయంత్రం సుగుణగారు బొప్పి చూసి ఏమయిందన్నారు. తలుపు కొట్టుకుందన్నాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, మర ఆడేదాకా ఆగి, మెల్లగా అడిగారు: "ఇంట్లో అంతా బాగానే ఉందాండీ?"

ఒట్టేసి చెప్పినా నమ్మడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మిట్టమధ్యాహ్నం

మేడకు బయట రంగు వేసేవాళ్లు తాళ్లకు కట్టిన పలక మీద కూర్చుంటారు. దాన్ని జూలా అంటారు. డాబా మీద ఇద్దరు తాళ్లు వదిలితేనే అది దిగుతుంది. మంగళవారం యోగరాసా నాలుగో అంతస్తు ఎత్తున, నీడ ఉన్న వైపు, నీళ్ల సీసాతో కూర్చుని రంగు వేస్తున్నాడు. పన్నెండు కాగానే డాబా మీది ఇద్దరూ తాళ్లు గట్టిగా కట్టేసి భోజనానికి దిగారు. నర్సమ్మ వాళ్లకు ఆ రోజు బిర్యానీ తెప్పించింది. నిదానంగా తినమని రెండుసార్లు చెప్పింది.

తవమణి రేకుల షెడ్డులోంచి సంచి భుజానేసుకుని బయటికి వచ్చింది. పనిస్థలం మధ్య నుంచి ముందు గేటు వైపు నడిచింది. సరిగ్గా జూలా కిందికి వచ్చి ఆగింది. తలెత్తి చూసింది. పిండికట్టు వేసిన చెయ్యి పైకెత్తి చూపించింది, అంతే. గేటు బయట ఆటోలో సుగుణగారున్నారు.

పైనుంచి కేకలు మొదలయ్యాయి. కూలీలు గుమిగూడారు. సూపర్‌వైజరు వచ్చి, ఏమంటున్నాడు వాడు అన్నాడు.

"మా వదినకు అరవం వొస్తది, అడుగున్రి" అంది నర్సమ్మ.

నేను ముందుకొచ్చాను. పైనుంచి వస్తున్న మాటలివి: పట్టుకోండి, నా పెళ్లాం, దించండి, రెండు కాళ్లూ విరుస్తాను.

"జాగ్రత్తగా పోయి రమ్మంటున్నాడు. చేరగానే ఉత్తరం రాయమంటున్నాడు" అన్నాను.

"మంచోడే పాపం" అంది ఒక కూలీ.

సుగుణగారు వినుంటే ఆ మాటల్లో ఆయనవెన్ని, నావెన్ని అని అడిగి ఉండేవారు. అన్నీ నావే. తప్పేనేమో. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ చేస్తాను. తర్వాత తలెత్తి, మా చిత్తూరు అరవంలో, నాలుగో అంతస్తుకు అందేలా చెప్పాను: "నీళ్ల ట్యాంకు మాట్లాడుతున్నాను నాయనా. వినబడుతోందా?"

కేకలు ఆగిపోయాయి. బ్రష్షు జారి కింద ఇసుకలో పడింది. మేము వెళ్లిన ముప్పావు గంటకు, బిర్యానీ అయ్యాక, ఆయన్ని క్షేమంగానే దించారట.

మద్రాసుకు ఈవల

నేనూ తవమణితోనే రైలెక్కాను. దారి పొడవునా ఆమె నిద్రపోయింది, నేను సంచి కాపలా కాశాను. మరునాడు పొద్దున క్యాంపు గేటు దగ్గర అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని ఏడవలేదు. "చిక్కిపోయావు" అని అక్క, "నువ్వూ అంతే" అని చెల్లెలు. రేకుల గుడిసెలో ఆవిరికి ఉడికిన బియ్యప్పిండి పిట్టు, కొబ్బరిపాల పులుసు పెట్టారు. మా పుట్టు కంటే మెత్తన.

తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. వేరే కార్డు వచ్చేసరికి వానాకాలం వెళ్లిపోయింది. అనుమతి లేకుండా క్యాంపు దాటినందుకు చీవాట్లు పడ్డాయి. సుగుణగారు రెండుసార్లు, నేను మూడుసార్లు వెళ్లాం. యోగరాసా ఒకసారి వచ్చాడట. ఎవరి కోసమో గేటు రిజిస్టరులో రాయించుకున్నారు, ఆమెను అడిగారు, ఆమె రానంది. తిరిగి వెళ్లాడు. చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే ఉత్తరాలు రాస్తుంది. మాట్లాడినంత బాగా చదవడం నాకు రాదు కనుక ఒక్కో ఉత్తరం రెండు రోజులు చదువుతాను.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ మొదటి రోజు సంగతి. క్యాంపు ఆఫీసులో అధికారి కళ్లజోడు సర్దుకుని, కుటుంబ యజమాని ఎక్కడ అని అడిగాడు. అయిదు రోజుల అలవాటు కొద్దీ నేను లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను.

"అక్కా, మీరు కూర్చోండి" అంది తవమణి. "ఈయనకు నా మాట వస్తుంది."

కూర్చున్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. దవాఖానలో చెప్పినట్టే, తడబడకుండా. అధికారి రాసుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి ఆపి, ఎడమ చెయ్యి కాదు, కుడి అని దిద్దించింది. ఆయన కొట్టేసి మళ్లీ రాశాడు. పేజీ అడుగుకు వచ్చేసరికి కలం మూసి, "అంతేనా?" అన్నాడు.

"కాగితం తిప్పండయ్యా" అంది తవమణి. "ఇంకా ఉంది."